'టేక్' పక్కన ఏ మాట పెట్టాలి? ఇంగ్లిష్ జతలు నేర్చుకోవడం ఎలా?

'టేక్' అంటే తీసుకోవడం. చిన్న క్లాసులోనే నేర్చుకున్న మాట. అయినా కడప ఏడురోడ్ల దగ్గర నిలబడి "ప్రొద్దుటూరు బస్సు ఎక్కు" అన్నది ఇంగ్లిష్‌లో చెప్పమంటే చాలామందికి 'క్లైంబ్' గుర్తుకొస్తుంది. "మాత్ర వేసుకో" అని చెప్పాలంటే 'పుట్' అనాలా, 'ఈట్' అనాలా అని టెన్షన్. రెండు చోట్లా 'టేక్' చాలు: 'టేక్ ది ప్రొద్దుటూరు బస్', 'టేక్ ది టాబ్లెట్'. గ్రామర్ బాగా వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు. ఎందుకంటే మనం మాటలను విడివిడిగా బట్టీపట్టాం, జతలుగా నేర్చుకోలేదు.

1. క్రియను పక్కన పెట్టి, నామవాచకంతో మొదలుపెట్టండి

ఒక నోటుబుక్కులో ఎడమవైపు నామవాచకాలు తెలుగు క్రియతో సహా రాయండి. ఫోటో తీస్తాం. సెలవు పెడతాం. మాత్ర వేసుకుంటాం. నోట్సు రాసుకుంటాం. బస్సు ఎక్కుతాం. రిస్కు చేస్తాం. పరీక్షల్లో పాల్గొంటాం అనం, రాస్తాం అంటాం. ఇప్పుడు కుడివైపు ఇంగ్లిష్ రాసి చూడండి: ఫోటో, లీవ్, టాబ్లెట్, నోట్స్, బస్, రిస్క్, ఎగ్జామ్, అన్నిటి ముందూ 'టేక్' వచ్చి కూర్చుంటుంది. మనకు ఇన్ని క్రియలు కావలసిన చోట వాళ్ళకు ఒక్కటి సరిపోయింది.

ఇలాంటి జతల్లో అర్థం బరువంతా నామవాచకమే మోస్తుంది. క్రియ ఊరికే తోడు నిలబడుతుంది. అందుకే భాషాశాస్త్రంలో ఇలాంటి క్రియను 'లైట్ వర్బ్', అంటే తేలిక క్రియ, అంటారు. డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ పెట్టిన పేరు అది. తేలిక క్రియకు అర్థం వెతకబోతే ఏమీ దొరకదు, అది ఎవరి పక్కన నిలబడిందో చూడాలి.

2. టైం సంగతి విడిగా నేర్చుకోండి

మనవాళ్ళు ఎక్కువగా జారిపడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగుదాం. "గంటన్నర పడుతుంది" అన్నదాన్ని 'వన్ అండ్ ఎ హాఫ్ అవర్స్ విల్ టేక్' అనేస్తాం. తెలుగులో కర్త గంటన్నర. పట్టేది అదే. ఇంగ్లిష్‌లో టైం కర్త కాదు. ప్రయాణమో పనో ఆ టైంను తీసుకుంటుంది. చెప్పడానికి వేరే కర్త లేకపోతే 'ఇట్' పెడతారు: 'ఇట్ టేక్స్ ఎన్ అవర్ అండ్ ఎ హాఫ్ టు గెట్ టు ప్రొద్దుటూరు.'

ఎవరికి పట్టింది అన్నది మధ్యలో దూరుతుంది. "నాకు వారం పట్టింది" అంటే 'ఇట్ టూక్ మీ ఎ వీక్'. 'ఫర్ మీ ఒన్ వీక్ టూక్' అని పొరపాటున కూడా వద్దు. ఏ పనికి అన్నది చివర 'టు'తో వస్తుంది: 'ఇట్ టూక్ మీ ఎ వీక్ టు ఫినిష్ ది వర్క్'. ఈ వరుస నోటికి అలవాటు కావాలి: ఇట్, టేక్, మనిషి, టైం, పని. ఇంట్లో జరిగే పనులతోనే సాధన చేయండి. కారం దోసెకు ఎర్రకారం నూరడానికి ఎంతసేపు, బిందె నిండడానికి ఎంతసేపు, పెద్ద దర్గాకు నడిచి వెళ్ళడానికి ఎంతసేపు.

3. తెలుగు 'తీసుకోవడం' కనబడిన ప్రతిచోటా 'టేక్' పెట్టకండి

"ప్రొద్దుటూరులో బంగారం తీసుకున్నాం" అంటే కడప జిల్లాలో ఎవరైనా ఎన్ని తులాలు అని అడుగుతారు. అదే మాటను 'వి టూక్ గోల్డ్ ఇన్ ప్రొద్దుటూరు' అని ఇంగ్లిష్‌లో అంటే డబ్బు కట్టారా లేదా అన్న అనుమానం వస్తుంది. కొనడానికి 'బై' ఉంది. ఇల్లు అద్దెకు తీసుకుంటే 'రెంట్'. సంతకం తీసుకుంటే 'గెట్ ఎ సిగ్నేచర్'. వేలిముద్రలకు మాత్రం 'టేక్ ఫింగర్‌ప్రింట్స్' సరైనదే. ఎందుకిలా అంటే జవాబు లేదు, వాడుక అంతే.

తిండి దగ్గర కూడా జాగ్రత్త. మర్యాదగా "టిఫిన్ తీసుకున్నారా?" అని అడగడం మనకు అలవాటు, అందుకే 'టేక్ టిఫిన్' అంటాం. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, తప్పుపట్టేవారు లేరు. బయటి దేశాలవాళ్ళు భోజనానికి 'హావ్' వాడతారు: 'హావ్ బ్రేక్‌ఫాస్ట్', 'హావ్ కాఫీ'. అయితే 'డు యు టేక్ షుగర్ ఇన్ యువర్ టీ?' అని వాళ్ళే అడుగుతారు.

'మేక్', 'డూ' చోటుకు 'టేక్' వెళ్ళదు. తప్పుకు 'మేక్ ఎ మిస్టేక్', హోంవర్కుకు 'డూ హోంవర్క్'. ఫోను విషయంలో రెండూ వస్తాయి, అర్థం మాత్రం తిరగబడుతుంది. 'మేక్ ఎ కాల్' అంటే ఫోన్ చేయడం, 'టేక్ ఎ కాల్' అంటే వచ్చిన ఫోన్ ఎత్తి మాట్లాడటం. మన ఇంగ్లిష్ పేపర్లలో 'టేక్ ఎ కాల్' అంటే నిర్ణయం తీసుకోవడం కూడా. అమెరికాలో ఉన్న మేనేజరుతో అలా అంటే ఎవరి ఫోనో ఎత్తబోతున్నారనుకుంటాడు.

4. ఏ దేశపు వాడుకో గుర్తు పెట్టుకోండి

బ్రిటన్‌లో 'హావ్ ఎ బాత్' ఎక్కువ, అమెరికాలో 'టేక్ ఎ బాత్'. నిర్ణయానికి బ్రిటన్‌లో 'టేక్', 'మేక్' రెండూ వింటాం, అమెరికాలో 'మేక్ ఎ డెసిషన్'. 'రైట్ ది ఎగ్జామ్' మన దేశంలో మామూలు మాట. బ్రిటన్‌లో 'సిట్' గానీ 'టేక్' గానీ అంటారు. 'టేక్ ఎ క్లాస్' ఇంకా తమాషా. మన కాలేజీలో క్లాసు తీసుకునేది లెక్చరర్, అమెరికాలో స్టూడెంట్. వీసా ఇంటర్వ్యూలో "ఏ క్లాసులు తీసుకుంటున్నావు?" అని అడిగితే నువ్వు చదివే సబ్జెక్టులు చెప్పాలి, ట్యూషన్ పిల్లల సంగతి కాదు.

5. తోక కూడా రాసుకోండి

'టేక్ ఎ రిస్క్'లో 'ఎ' ఉంది, 'టేక్ కేర్'లో లేదు, 'టేక్ ది బస్'లో 'ది' ఉంది. 'పార్ట్' తర్వాత 'ఇన్', 'కేర్' తర్వాత 'ఆఫ్', 'రెస్పాన్సిబిలిటీ' తర్వాత 'ఫర్'. వీటికి సూత్రం వెతకడం వృథా. జత మొత్తాన్ని ఒకే మాటలా రాసుకోండి.

6. అనుమానం వస్తే నామవాచకం దగ్గర వెతకండి

డిక్షనరీలో 'టేక్' తెరిస్తే పొడవాటి జాబితా చూసి ఓపిక పోతుంది. 'డెసిషన్' తెరవండి, దానికి ఏ క్రియలు వస్తాయో ఉదాహరణల్లోనే కనబడుతుంది. ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ వారి లెర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. సెర్చ్‌లో జతను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే సరిగ్గా ఆ వరుసలో వాడినవే వస్తాయి.

కడపలో ఉన్నవాళ్ళు బ్రౌన్ లైబ్రరీలో కూర్చుని ఈ పని చేసుకోవచ్చు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులను పెట్టి తెలుగు గ్రంథాలను పరిష్కరింపజేశాడు, నిఘంటువులు చేశాడు. మన 'పెట్టు' ఆయనను ఎంత తిప్పలు పెట్టి ఉంటుందో! దండం పెట్టు, పేరు పెట్టు, ముద్దు పెట్టు, సెలవు పెట్టు.

7. మీ రోజునే అనువదించి చూసుకోండి

వీటితో మొదలుపెట్టండి, జవాబులు పక్కనే ఉన్నాయి, చేత్తో మూసుకుని చేయండి. "మధ్యాహ్నం ఓ కునుకు తీశాను": 'ఐ టుక్ ఎ న్యాప్'. "నర్సు జ్వరం చూసింది": 'ది నర్స్ టుక్ మై టెంపరేచర్'. "మీటింగ్ కడపలో జరిగింది": 'ది మీటింగ్ టుక్ ప్లేస్ ఇన్ కడప'. "రైలు దొరకలేదు, బస్సులో వచ్చాం": మొదటి సగానికి 'వి మిస్‌డ్ ది ట్రైన్', రెండో సగానికి 'వి టుక్ ది బస్'. "నాన్న ఫోన్ ఎత్తలేదు": ఇక్కడ 'టేక్' అంటే కావాలని ఎత్తలేదన్న అర్థం రావచ్చు, 'హీ డిడ్‌న్ట్ ఆన్సర్' అనండి.