పాత మిలిటరీ జీపు స్టార్టర్ నీరసంగా తిరుగుతుంటే
రెండవ ప్రపంచయుద్ధ కాలపు విల్లీస్ జీపులో స్టార్టర్ నీరసంగా తిరుగుతుంటే, కొత్త బ్యాటరీ కొనేముందు ఎర్త్ పట్టీలను (కరెంటు ఇంజను, ఛాసిస్‌ల నుంచి బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిని కలిపే పట్టీలను) పరిశీలించండి. అది 6 వోల్టుల బండి కనుక, అంతే శక్తికి 12 వోల్టుల బండి కంటే రెట్టింపు కరెంటు కావాలి. తుప్పు పట్టిన ఒక్క బోల్టు దగ్గర పోయే అర వోల్టు కూడా ఇక్కడ పెద్ద లోటే. ఇంజను రబ్బరు మౌంట్లపై కూర్చుంటుంది కాబట్టి, దానికీ ఛాసిస్‌కూ మధ్య ఉండే రాగి అల్లిక పట్టీని విప్పి, దాని కింది రంగును (ముచ్చటపడి కొత్తగా వేయించిన ఆలివ్ రంగే తరచుగా అసలు దోషి) లోహం మెరిసేదాకా గీకి, తిరిగి బిగించాక పైన గ్రీజు రాయండి. ఆపైన ఇగ్నిషన్ ఆపి ఉంచి, మల్టీమీటరును బ్యాటరీ నెగెటివ్ పోస్టుకూ స్టార్టర్ బాడీకీ ఆనించి, కాలి స్విచ్ తొక్కి స్టార్టర్ తిప్పినప్పుడు 0.2 వోల్టులు దాటితే, ఇంకా ఎక్కడో అడ్డు ఉన్నట్టే. కేబుళ్లు మార్చవలసివస్తే 12 వోల్టుల కార్ల సన్న కేబుళ్లు వద్దు.