అద్దంలో ఎవరూ లేరు, పక్కనే హారన్: లారీ బ్లైండ్ స్పాట్ సమస్యలు - పరిష్కారాలు

విశాఖలో షీలానగర్, గాజువాక మీదుగా పోర్టుకి ట్రైలర్లు తోలే డ్రైవర్ల నోట తరచూ వినే మాట ఒకటుంది: "అద్దంలో చూశానండీ, ఎవరూ లేరు." అది అబద్ధం కాదు. అద్దం చూపించని చోట మనిషి ఉన్నాడు, అంతే. ఆ చోటునే బ్లైండ్ స్పాట్ అంటారు. అది ఎక్కడుందో ప్రతి డ్రైవరూ తన బండికి తానే కొలుచుకోవాలి.

సమస్య: ఎడమకు తిప్పుతుంటే పక్కన బైక్ ఉన్నట్టుండి కనిపిస్తుంది

కారణం: మన బండ్లకు స్టీరింగ్ కుడివైపు. క్యాబిన్ ఎత్తులో కూర్చుంటే ఎడమ తలుపును ఆనుకుని ఉన్న బైక్ కిటికీలోంచి కనపడదు. ట్రైలర్ అయితే ఇంకో చిక్కు. ముందు భాగం ఎడమకు తిరిగేసరికి ఎడమ అద్దం నిండా కంటైనర్ గోడే. వెనక చక్రాలేమో ముందు చక్రాల జాడలో రావు, మలుపు లోపలికి కోసుకుంటూ వస్తాయి. మలుపు అందడానికి డ్రైవర్ ముందు కాస్త కుడికి పట్టగానే, ఎడమవైపు ఖాళీ దొరికిందని బైక్ దూరుతుంది. నలిగిపోయేది అక్కడే.

పరిష్కారం: ఇండికేటర్ మలుపు దగ్గర కాదు, చాలా ముందే వేయండి. తిప్పే ముందు సీటులో ముందుకు వంగి ఎడమ అద్దాలు రెండూ చూడండి. వంగితే అద్దంలో కనపడే జాగా మారుతుంది. క్లీనర్ ఉంటే ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టకుండా కిందికి చూసి చెప్పాలి, ఫోన్ చూస్తూ కాదు. అనుమానం వస్తే ఆపేయండి. వెనక వాళ్ల హారన్లకి టెన్షన్ పడొద్దు.

సమస్య: అద్దాలన్నీ ఉన్నాయి, అయినా తెలియట్లేదు

కారణం చాలాసార్లు అద్దం లేకపోవడం కాదు, అది చూసే దిక్కు. డ్యూటీ మారితే డ్రైవర్ ఎత్తు మారుతుంది, అద్దం మాత్రం పాత డ్రైవర్‌కి సరిపోయినట్టే ఉంటుంది. పైగా మన ఊళ్లో ఉప్పుగాలికి క్లాంపు తుప్పు పట్టి వదులవుతుంది, కుదుపులకి అద్దం కిందికి వాలుతుంది. పోర్టు దుమ్ము సరేసరి.

పరిష్కారం: ఒక సుద్దముక్క చాలు. ఓ రోజు మా యార్డులో ఖాళీ ట్రైలర్‌ని చదునుగా ఉన్న చోట ఆపి డ్రైవర్‌ని సీట్లో కూర్చోబెట్టాం. క్లీనర్ చీపురు నిలువుగా పట్టుకుని బండి చుట్టూ నడిచాడు. "కనపడట్లేదు" అన్న ప్రతి చోటా నేలమీద గీత గీశాం. ఎడమ తలుపు పక్కన గీతలన్నీ కలిసి పెద్ద మచ్చలా తయారయ్యాయి. అద్దాలు సరిచేసి మళ్లీ నడిపిస్తే మచ్చ తగ్గింది, పోలేదు. డ్రైవర్ దిగొచ్చి ఆ గీతల మధ్య నిలబడి చాలాసేపు చూశాడు. ఎన్ని క్లాసులు చెప్పినా అంత పని జరగదు.

ఒక జాగ్రత్త: ఉబ్బెత్తు అద్దంలో బండి చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. దూరం అంచనాకి చదును అద్దాన్నే నమ్మండి.

సమస్య: బంపర్ ముందు నుంచి దాటేవాళ్లు కనపడరు

కారణం: క్యాబిన్ ఎత్తు, దానికితోడు గ్లాసు నిండా దండలు, స్టిక్కర్లు. దసరా పూజ నేనూ చేస్తాను. పూజయ్యాక దండని చూపుకి అడ్డం రాని చోటికి మార్చండి, దేవుడు ఏమీ అనుకోడు.

పరిష్కారం: ముందువైపు కిందికి చూపే అద్దం పెట్టించండి. ఆగిన బండిని కదిపే ముందు దిగి ఓ చుట్టు తిరగండి.

సమస్య: రివర్స్‌లో "రానీ, రానీ" అంటున్న మనిషే ప్రమాదంలో పడతాడు

కారణం: క్లీనర్ సరిగ్గా బండి వెనకే నిలబడతాడు. అక్కడ ఏ అద్దమూ చూడదు.

పరిష్కారం: డ్రైవర్‌కి అద్దంలో కనపడేలా పక్కకి జరిగి నిలబడాలి. క్లీనర్ అద్దంలోంచి మాయమైతే బండి అక్కడికక్కడే ఆగాలి. కెమెరా ఉన్నా ఇదే పద్ధతి, వానలో లెన్స్ మసకబారుతుంది.

గోడౌన్లో ఫోర్క్‌లిఫ్ట్‌కి ఎదురుగా సరుకే అడ్డం. చూపు మూసేంత ఎత్తు లోడు ఉంటే సమతలంలో వెనక్కి చూస్తూ రివర్స్‌లోనే తీసుకెళ్లాలి, మలుపు దగ్గర హారన్ కొట్టాలి.

బైక్ మీద వెళ్లేవాళ్లకి: సిగ్నల్ దగ్గర లారీ అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనపడకపోతే, అతనికీ మీరు కనపడట్లేదు. ఎడమ సందులోకి దూరకండి, వెనకే కొంచెం దూరంలో ఆగండి.