పద్యమా, పాటా? 4వ పాఠం: తిరిగొచ్చే మాటను పట్టుకోండి

పోయిన పాఠంలో గురువు (నిడివిగా పలికే అక్షరం), లఘువు (పొట్టిగా పలికే అక్షరం) గుర్తించడం నేర్చుకున్నాం. మీ వాట్సాప్ గ్రూపులో వచ్చిన నాలుగు పాదాలకు గుర్తులు పెట్టి చూడమన్నాను. పెట్టారనుకుంటాను. పెట్టకపోతే ముందు అది చేసి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఈసారి పద్యం, కీర్తన, గజల్ లాంటి పేర్ల సంగతి. కొన్నేళ్ల కిందట చిక్కడపల్లిలో ఒక సభలో మైకు పట్టుకుని, 'ఇప్పుడు పాప వేమన శ్లోకం పాడుతుంది' అన్నాను. ముందు వరసలో ఒక పెద్దాయన 'శ్లోకం కాదు నాయనా, పద్యం' అన్నారు. ఆ తర్వాత అరగంట నా చెవులు వేడిగానే ఉన్నాయి. శ్లోకం అంటే సంస్కృతం. వేమన చెప్పింది అచ్చ తెలుగు ఆటవెలది పద్యం. ఇవి కలిసిపోకుండా ఉండటానికి నేను వాడే చిట్కా ఒక్కటే: ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోందో, ఎక్కడ వస్తోందో వినండి. చాలావరకు పేరు అక్కడే దొరుకుతుంది.

పద్యం చివర ప్రతిసారీ అదే పిలుపు వస్తే అది మకుటం. అలాంటి పద్యాలు వందో, నూట ఎనిమిదో ఉంటే శతకం. 'విశ్వదాభిరామ వినురవేమ' అందరికీ నోటికి వచ్చేదే కదా, దాన్ని విరిచి చూద్దాం: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. 'వినుర' మూడు లఘువులు, మిగతా నాలుగూ గురువు, లఘువు. ఈ రెండు అమరికలకే సూర్యగణాలని పేరు, అంటే అయిదూ సూర్యగణాలే. ఆటవెలదిలో రెండో పాదానికీ నాలుగో పాదానికీ కావలసింది సరిగ్గా ఇదే. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (మూడు, నాలుగు అక్షరాల పెద్ద గుంపులు). ఆ మకుటం పెట్టుకున్నాక వేమన కంద పద్యం రాయాలన్నా కుదరదు. మకుటమే ఛందస్సుకు తాళం వేసేసింది.

మనమూ ఒకటి కడదాం. మకుటం: 'భాగ్యనగరవాసి బావ వినుము'. భాగ్య, నగర, వాసి, బావ, వినుము. లెక్క సరిపోయింది. ఆటవెలదిలో పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జోడీ కుదరడమే యతి; 'భా'కు 'బా'తో అదీ కుదిరింది. ఇక పద్యం:

బండి తీసి నేను బయలుదేరిన వెంట
వాన వచ్చి రోడ్డు వాగులాయె
మెట్రొ ఎక్కియుంటె మేలుగా నుండేది
భాగ్యనగరవాసి బావ వినుము

గొప్ప కవిత్వమేం కాదు, కానీ గణాలు తప్పలేదు. 'మెట్రో'ను 'మెట్రొ' అని కుదించాల్సి వచ్చింది, లేకపోతే ఆ గణం చెడుతుంది. కవులు కూడా ఇలాంటి సర్దుబాట్లు చేస్తూనే ఉంటారు, పైకి చెప్పరు.

ఇప్పుడు గోల్కొండకు వెళ్దాం. అక్కడ రామదాసు బందీఖానా చూసే ఉంటారు. రామదాసు, అంటే కంచర్ల గోపన్నది ఒకే గొంతు అయినా ఆయన రచనలకు మనం రెండు పేర్లు వాడతాం. 'దాశరథీ కరుణాపయోనిధీ' అని చివర వస్తే అది శతక పద్యం. అందులో ఒక సొగసు ఉంది: ఉత్పలమాల, చంపకమాల అనే రెండు రకాల పద్యాలకూ చివరి పదకొండు అక్షరాల నడక ఒకటే. అందుకే ఆ ఒక్క మకుటం రెంటికీ సరిపోతుంది. పైగా 'దా' పడేది సరిగ్గా యతిస్థానంలో. అదే గోపన్న పల్లవి ఎత్తుకుని, చరణం అయ్యాక మళ్లీ పల్లవికి వస్తే అది కీర్తన. మకుటం పద్యాన్ని ముగిస్తుంది, పల్లవి పాటను మళ్లీ మొదటికి తెస్తుంది. చివరి చరణంలో కవి పేరో, ఇష్టదైవం పేరో కనిపిస్తే దాన్ని ముద్ర అంటారు. క్షేత్రయ్య పదాల్లో 'మువ్వగోపాల' అలాంటిదే. పదం అంటే ఇక్కడ మాట కాదు, శృంగార ప్రధానమైన పాట.

కోట దిగి చార్మినార్ వైపు వస్తే గజల్. దీనికి మకుటమూ లేదు, పల్లవీ లేదు, రదీఫ్ ఉంది. చూడండి:

చార్మినార్ నీడలో చాయ్ చల్లారిపోయింది నీ కోసం
లాడ్ బజారులో గాజు చేయి జారిపోయింది నీ కోసం

రెండు పాదాల్లోనూ మారకుండా వచ్చే 'పోయింది నీ కోసం' రదీఫ్. దాని ముందు ప్రాస కలిపే 'చల్లారి', 'జారి' కాఫియా. గజల్‌లో రెండు పాదాల జంటను షేర్ అంటారు. ఇలా రెండు పాదాల్లోనూ రదీఫ్ ఉన్న మొదటి షేర్ మత్లా. తర్వాతి షేర్లలో రెండో పాదంలో వస్తే చాలు. కవి పేరు పెట్టుకునే చివరి షేర్ మక్తా. మన ముద్రకు దగ్గరి చుట్టం అనుకోండి. తెలుగులో గజళ్లు కావాలంటే సినారెవి చదవండి.

బతుకమ్మ పాటలో తిరిగొచ్చే మాట పాడేవాళ్లది కాదు, చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగేవాళ్లది. ఒకామె చరణం అంటుంది, మిగతావాళ్లు 'ఉయ్యాలో' అంటారు. అదే వంత. 'వాడికి వంత పాడకు' అని ఇంట్లో తిట్టేది కూడా ఈ మాటతోనే.

ఏదీ తిరిగి రానివీ ఉన్నాయి. ఎన్. గోపి మొదలుపెట్టిన నానీ అనే చిన్న కవిత నాలుగు పాదాలు, ఇరవై నుంచి పాతిక అక్షరాలు, అంతే. వచన కవితకు ఆ లెక్క కూడా లేదు.

ఇక క్రియలు. అవధానంలో పద్యం చెబుతారు, బడిలో చదువుతారు, నాటకంలో పాడతారు. పాట కడతారు. ఒగ్గు కథ మాత్రం, నడుమ ఎన్ని పాటలున్నా, చెబుతారు.

వచ్చే పాఠానికి పని: మీ బస్తీ పేరుతో మొదలయ్యే ఆటవెలది మకుటం ఒకటి కట్టండి. కోఠి వాళ్లు అదృష్టవంతులు, గురువు, లఘువు చేతికే వచ్చేశాయి. అమీర్‌పేట వాళ్లకు మొదటి అక్షరం లఘువు, రెండోది గురువు, సూర్యగణం పడదు. మీరు ఇంటిపేరుతో సర్దుకోండి.