అమ్మకు ఫోన్ చేస్తే ఒక సాయం అడగండి

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసినా మా ఇంట్లో మాట తెలుగే. నేనుండేది హైదరాబాద్‌లో. రోజూ రాత్రి ఫోన్‌లో "తిన్నావా?" "ఆ, తిన్నాను. నువ్వు?" అంతటితో సరి.

మీదీ ఇదే పరిస్థితి అయితే, ఈసారి అమ్మను ఒక సాయం అడగండి. "అమ్మా, చారు పెడుతున్నాను, పోపు మాడిపోతోంది, ఏం చేయను?" అని. నిజంగా పొయ్యి దగ్గర నిలబడే అడగాలి సుమా, ఊరికే అడిగితే ఆవిడకు తెలిసిపోతుంది. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి పొయ్యి గట్టు మీద ఉంచాను. ఆవాలు చిటపటమనడం అక్కడి నుంచే విని, "ఇప్పుడు మంట తగ్గించి ఇంగువ వెయ్యి" అంది అమ్మ. ఆ తర్వాత నలభై నిమిషాలు మాట్లాడింది. మోకాలి నొప్పి సంగతి కూడా అప్పుడే చెప్పింది. నెల రోజులుగా నాకు టెన్షన్ ఎందుకని దాచిందట.