మియావ్ బాటిక్ కొనేముందు తిరగేసి చూడండి

చైనా గుయ్‌జౌ రాష్ట్రంలో మియావ్ తెగ ఆడవాళ్ళు చేసే నీలం తెలుపు బాటిక్ (మైనం గీసినచోట రంగు అంటకుండా చేసే అద్దకం) గుడ్డ ఎక్కడైనా కొంటుంటే ముందు వెనకవైపు చూడండి. వాళ్ళు తేనెమైనం కరిగించి, వెదురు పిడికి రాగిరేకులు కట్టిన చిన్న కత్తితో తెల్లగుడ్డ మీద గీసి నీలిమందు తొట్టిలో మళ్ళీమళ్ళీ ముంచుతారు, బయటికి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉండి గాలి తగిలాకే నీలమవుతుంది, చివర్లో వేడినీళ్ళలో వేస్తే మైనం వదిలేస్తుంది. అందుకే రంగు రెండువైపులా ఎక్కుతుంది, వెనక పాలిపోయి ఉంటే చాలావరకు ప్రింటే. ఇంకోటి, మైనం పగుళ్ళలోకి రంగు దిగి వచ్చే సన్నగీతలు ఏ రెండుచోట్లా ఒకేలా ఉండవు, అచ్చుగుద్దినట్టు రిపీట్ అయ్యాయంటే అది మెషీన్ పనే, చేతిపని రేటు అస్సలు ఇవ్వొద్దు. కొన్నాక మొదటి రెండు మూడు ఉతుకులు చల్లనీళ్ళలో విడిగా వేయండి, నీలం కాస్త దిగుతుంది మరి.