స్కాన్‌లో పెద్దమ్మ ముక్కుపుడక ఏమైంది?

పాత ఫోటోలు స్కాన్ చేసి "బాగా రాలేదండీ" అనేవాళ్ళని నేను మొదట అడిగేది ఒకటే: స్కానర్ గాజు తుడిచారా? చాలామంది తుడవరు.

స్కాన్ నిండా తెల్లచుక్కలు

దుమ్ము. గాజు మీద టార్చి ఏటవాలుగా వేయండి, ఎంతుందో కనిపిస్తుంది. మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. ద్రవం వాడితే గుడ్డ మీదే చల్లాలి, గాజు మీద చల్లితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. ఫోటో మీది దుమ్ముకి రబ్బరు బ్లోయర్ వాడండి. నోటితో ఊదొద్దు, తుంపర పడితే మరక ఉండిపోతుంది. పది ఫోటోలకోసారి మళ్ళీ తుడవాలి. ఈ పని బద్ధకించినవాళ్ళే కింది గోతిలో పడతారు.

ముక్కుపుడక, దిష్టిచుక్క మాయం

చూడ్డానికి స్కాన్ శుభ్రంగా ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కారణం సాఫ్ట్‌వేర్‌లో 'డస్ట్ రిమూవల్' లేదా 'రెడ్యూస్ డస్ట్ అండ్ స్క్రాచెస్' అన్నచోట ఉన్న టిక్. ప్రింట్ మీద ఏది దుమ్మో, ఏది నగో దానికి తెలియదు. చుట్టూ ఉన్న రంగుకి తేడాగా చిన్న చుక్క కనిపిస్తే పక్క రంగుతో పూడ్చేస్తుంది. గ్రూప్ ఫోటోలో ముక్కుపుడక 0.3 మిల్లీమీటర్లు ఉందనుకోండి, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే, అది మూడు నాలుగు పిక్సెళ్ళు. దుమ్ము రేణువూ అంతే ఉంటుంది.

మా పెద్దమ్మ పెళ్ళి ఆల్బమ్ నేనే స్కాన్ చేశాను. అంతకుముందు కలర్ నెగెటివ్‌ల కోసం పెట్టిన టిక్ అలాగే ఉండిపోయింది. కొన్ని నెలలకి పెద్ద ప్రింట్ తీయించి ఇస్తే, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి "ఒరేయ్, నా ముక్కుపుడక ఏదిరా? మా అమ్మ పెట్టింది" అంది. నల్లపూసలు మధ్యమధ్యలో లేవు. పక్కన చంటిదాని బుగ్గమీద దిష్టిచుక్కా లేదు. ఆల్బమ్ వాళ్ళ బీరువాలో భద్రంగా ఉంది కాబట్టి మళ్ళీ చేయగలిగాను. చెదలు పట్టాక తెలిసుంటే చేసేదేమీ లేదు.

టిక్ తీసేయండి. ఆటో మోడ్ వద్దు, సెట్టింగులన్నీ కనిపించే మోడ్‌లోనే చేయండి. 600 డీపీఐలో స్కాన్ చేసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి. మొదటి స్కాన్‌ని 100 శాతం సైజులో తెరిచి, అసలు ఫోటో పక్కన పెట్టుకుని ముక్కులు, మెడలు, పిల్లల బుగ్గలు పోల్చి చూడండి. మిగిలిన మచ్చల్ని కాపీ మీద, ఫోటో ఎడిటర్‌లో మచ్చలు పూడ్చే 'హీలింగ్ బ్రష్'తో ఒక్కొక్కటే తీయండి. ఫోన్లో 'ఎన్‌హాన్స్' యాప్‌లతో ఇంకా జాగ్రత్త, అవి ఏకంగా మొహాన్నే కొత్తగా గీస్తాయి.

కలర్ నెగెటివ్‌లకి ఇన్‌ఫ్రారెడ్ కాంతితో దుమ్ముని కనిపెట్టే స్కానర్ అయితే ఫరవాలేదు. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌కి అదీ ఆపేయాలి, అందులోని వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకుంటుంది.

మిగతావి

ఫోటో ఎర్రబారితే సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు వెలిసినట్టు. ఫోటో ఎడిటర్‌లో 'లెవెల్స్' అన్నచోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా సరిచేయండి. కాగితాల్ని తనే లోపలికి లాక్కునే ఫీడర్‌లో పెడితే నిలువు గీత వస్తోందా? లోపలి సన్నటి గాజుపట్టీ మీద దుమ్ముంది. అయినా పాత ఫోటోలని ఫీడర్‌లో పెట్టకండి, నలిగిపోతాయి.

ఫ్రేమ్ అద్దానికి ఫోటో అతుక్కుపోతే పీకొద్దు, తడపొద్దు. అద్దంతో సహా స్కాన్ చేయండి. పల్చటి సీఐఎస్ రకం స్కానర్‌కి గాజుకి ఆనినదే స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి మసకగా వస్తుంది, కాస్త ఎడంగా ఉన్నదాన్నీ చూడగల సీసీడీ రకం స్కానర్ ఉన్నవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.