సొంత విండోస్ థీమ్ తయారుచేసే ముందు జాగ్రత్తలు

రంగుల సంగతి తర్వాత. ముందు ఇవి చూసుకోండి.

• రిస్టోర్ పాయింట్ (ఏదైనా చెడితే సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చుకునే ఏర్పాటు) పెట్టారా? విండోస్ మామూలుగా మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ఉన్న విజువల్ స్టైల్ ఫైళ్లనే, అంటే విండోలు, బటన్ల రూపాన్ని నిర్ణయించే ఎంఎస్‌స్టైల్స్ (.msstyles) ఫైళ్లనే తీసుకుంటుంది. మీరు మార్చిన ఎంఎస్‌స్టైల్స్ ఫైల్ పనిచేయాలంటే ఆ తనిఖీని దాటించే ప్యాచ్ కావాలి. ఆ ప్యాచ్ గానీ, థీమ్ గానీ మీ విండోస్ బిల్డ్‌కు (కచ్చితమైన వెర్షన్‌కు) సరిపోకపోతే లాగిన్ అయ్యాక నల్లటి తెరే మిగలొచ్చు. అందుకే బూట్ అయ్యే యూఎస్‌బీ డ్రైవ్ కూడా పక్కన ఉంచుకోండి. అది లేకుండా నేను ఈ పని మొదలుపెట్టను.

• వీలైతే మొదటి ప్రయోగం వర్చువల్ మెషీన్‌లో (మీ కంప్యూటర్ లోపలే విడిగా నడిచే నకలు కంప్యూటర్‌లో) చేయండి.

• విండోస్‌తో వచ్చే అసలు ఏరో విజువల్ స్టైల్ ఫైల్‌ను (aero.msstyles) ముట్టుకోవద్దు. కాపీ తీసి, వేరే పేరు పెట్టి, దాన్నే దిద్దండి.

• పెద్ద అప్‌డేట్‌కు ముందు డిఫాల్ట్ థీమ్‌కు మారిపోండి. అప్‌డేట్ సిస్టమ్ ఫైళ్లను మార్చేస్తే పాత థీమ్ వాటితో కుదరకపోవచ్చు.

• అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా నిష్పత్తి) కనీసం 4.5:1 ఉండాలి. డెస్క్‌టాప్ అందంగా కనిపించగానే సంతోషపడిపోతాం కానీ, ఎంచుకున్న మెనూ వరుస, ఎర్రర్ సందేశం, ఫైల్ పేరు మార్చే పెట్టె తెరిచి చూస్తేనే లోపాలు బయటపడతాయి. చూపు మందగించినవాళ్లూ మీ థీమ్ వాడతారు, దయచేసి ఇది వదిలేయకండి.

• స్కేలింగ్ (తెరపై అక్షరాలు, ఐకాన్ల సైజు) 100, 125, 150 శాతాల్లో పరీక్షించండి.

• ఐకాన్లు ఇతరులవైతే లైసెన్స్ చదవండి.